పిట్టకూ కెమెరాకూ మధ్య దూరం

పెరట్లో కొమ్మ మీద పిట్ట వాలుతుంది. లోపలికి పరుగెత్తి కెమెరా అందుకుని వచ్చేలోపు ఎగిరిపోతుంది. ఎప్పుడో ఒకసారి అది ఆగి, మనం బటన్ నొక్కగలిగినా, తర్వాత కంప్యూటర్లో తెరిచి చూస్తే ఆకుల మధ్య ఎక్కడో వేలిగోరంత మచ్చ. పెద్దది చేసి చూడబోతే ఈకలన్నీ ముద్దగా కలిసిపోతాయి. ఇలా పదిసార్లు జరిగాక చాలామందికి తోచేది ఒకటే: ఇంకా పెద్ద లెన్స్ కావాలి. నాకూ అదే తోచింది, కొన్నాను కూడా. ఆ లెన్స్‌తో వచ్చిన మార్పు కంటే, తర్వాత ఒక కుర్చీని పెరట్లో పదిహేను రోజులు కదపకుండా ఉంచడంతో వచ్చిన మార్పు ఎక్కువ. అదెలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

పక్షుల ఫొటోగ్రఫీ గురించి చదవబోతే షట్టర్ స్పీడ్ (కాంతిని లోపలికి వదిలే వ్యవధి), అపెర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం, దాని ఎఫ్ అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), ఐఎస్ఓ (అందిన కాంతిని ఎంత వెలుగుగా చూపాలో చెప్పే అంకె), ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత దగ్గర చేసి చూపిస్తుందో చెప్పే ఎంఎంల అంకె), సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) సైజు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. ఈ చిక్కుముడి విప్పడానికి ఎక్కడో ఒక కొస దొరకాలి. నా అనుభవంలో ఆ కొస దూరం. పిట్టకూ కెమెరాకూ మధ్య ఎంత దూరం ఉంది, పిట్టకూ దాని వెనకున్న ఆకులకూ మధ్య ఎంత దూరం ఉంది అన్న రెండు సంగతులు తేలితే మిగతా అంకెల్లో చాలావరకు వాటంతటవే దారికొస్తాయి. అడవిలో ఈ రెండింటి మీదా మనకు పట్టు ఉండదు. పెరట్లో అలా కాదు. రోజూ అదే గోడ, అదే కొమ్మ, చాలాసార్లు అదే పిట్ట. ఇవాళ కుదరనిది రేపు సరిచేసుకోవచ్చు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. పిట్టల ఫొటోలు నేర్చుకోవడానికి మాత్రం పెరటిని మించిన చోటు లేదని నా గట్టి నమ్మకం.

ఒక పిచ్చుక లెక్క

సెన్సర్ మీద పిట్ట బొమ్మ ఎంత పడుతుందో తెలుసుకోవడం సులువు. పిట్ట పొడవును ఫోకల్ లెంగ్త్‌తో గుణించి, దూరంతో భాగిస్తే చాలు. పిచ్చుక పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. 400 ఎంఎం లెన్స్‌తో 10 మీటర్ల నుంచి తీస్తే సెన్సర్ మీద అది 6 మిల్లీమీటర్లు ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు కాబట్టి పిచ్చుక అందులో ఆరో వంతు. అదే 5 మీటర్లకు వస్తే 12 మిల్లీమీటర్లు, మూడో వంతు. 24 మెగాపిక్సెళ్ల ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు అనుకుంటే అందులో 2000 పిచ్చుకవే అవుతాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే కాగితం మీద అది 17 సెంటీమీటర్లు వస్తుంది. అంటే నిజం పిచ్చుకంత, ఇంకాస్త ఎక్కువ కూడా.

దూరం సగమైతే బొమ్మ పొడవు రెండింతలవుతుంది, అది ఆక్రమించే చోటు నాలుగింతలవుతుంది. ఇదే ఫలితం లెన్స్ మార్చి తెచ్చుకోవాలంటే 800 ఎంఎం కావాలి. బరువు, ఖర్చు సంగతి అటుంచితే, లెన్స్ పొడవయ్యే కొద్దీ చేతి వణుకు కూడా అంతే పెద్దదిగా కనిపిస్తుంది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడ్ కనీసం ఫోకల్ లెంగ్త్ అంకె అంతైనా ఉండాలని పాత లెక్క ఒకటుంది. 400 ఎంఎం అయితే సెకనులో 400వ వంతు. ఇప్పటి లెన్సుల్లో ఉండే స్టెబిలైజర్ ఈ లెక్కను చాలా సడలించింది. కానీ అది సర్దేది మన చేతి కదలికను మాత్రమే. పిట్ట తల తిప్పితే దాన్ని ఆపే శక్తి ఏ స్టెబిలైజర్‌కూ లేదు. ఈ తేడా తెలియక ఫొటోలు పాడుచేసుకునేవాళ్లు చాలామంది.

చిన్న సెన్సర్ కెమెరాల గురించి ఒక మాట. ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. పైన చెప్పిన 12 మిల్లీమీటర్ల పిచ్చుక అందులో సగం ఫ్రేమ్ నింపుతుంది. లెన్స్ శక్తి పెరిగినట్టు అనిపిస్తుంది గానీ బొమ్మ పెరగలేదు, చుట్టూ ఉన్నది తగ్గింది. పెరటి ఫొటోలకు ఇది మంచిదే. మెగాపిక్సెళ్లు సమానమైతే చిన్న సెన్సర్ మీద పిక్సెళ్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి అదే 12 మిల్లీమీటర్లలో ఎక్కువ వివరం పట్టుబడుతుంది.

దగ్గరయ్యాక ఇంకో చిక్కు మొదలవుతుంది. 400 ఎంఎం, ఎఫ్/5.6, 5 మీటర్లు అనుకుంటే స్పష్టంగా కనిపించే మందం మొత్తం 5 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. 10 మీటర్ల దగ్గర అది 20 సెంటీమీటర్ల దాకా ఉండేది. పిట్ట పక్కకు తిరిగి కూర్చుంటే ముక్కు నుంచి తోక దాకా ఈ 5 సెంటీమీటర్లలోనే ఇమిడిపోతుంది. మన వైపు తిరిగితే ముక్కు, కన్ను స్పష్టంగా ఉండి తోక కరిగిపోతుంది. ఎఫ్/8 పెడితే ఇంకో రెండు సెంటీమీటర్లు కలిసొస్తాయి, దాని బదులు సగం కాంతి పోతుంది. నేను అపెర్చర్ జోలికి పోను. పిట్ట పక్కకు తిరిగేదాకా ఆగుతాను. అది ఎక్కువసేపు ఒకే వైపు ఉండదు.

పిట్ట గీసిన గీత

5 మీటర్లకు వెళ్లమనడం తేలికే. పిట్ట ఊరుకోవాలి కదా.

ఒక మనిషి ఎంత దూరంలోకి వస్తే పిట్ట ఎగిరిపోతుందో దానికి జంతు ప్రవర్తన శాస్త్రంలో ఒక కొలత ఉంది. ప్రమాదం ఈ గీత దాటితే లేచిపోవాలని ప్రతి జీవీ ఒక గీత గీసుకుని ఉంటుందన్న ఆలోచనకు గత శతాబ్దంలో రూపమిచ్చినవాడు స్విట్జర్లాండ్ జంతు శాస్త్రవేత్త హైనీ హెడిగర్. తర్వాత ఎన్నో జాతుల మీద కొలతలు తీశారు. మొత్తమ్మీద పెద్ద పక్షులు ఎక్కువ దూరం నుంచే లేచిపోతాయి, చిన్నవి దగ్గరకు రానిస్తాయి. ఒకే జాతిలో పట్నంలో బతికే పిట్టలు పల్లె పిట్టల కంటే మనిషిని దగ్గరకు రానిస్తాయి. అంటే ఆ గీత రాతి మీద గీసింది కాదు. పిట్ట నేర్చుకున్నదాన్ని బట్టి జరుగుతుంది. పెరటి ఫొటోగ్రఫీ మొత్తం ఆ గీతను మెల్లగా, పిట్ట ఇష్టంతోనే లోపలికి జరపడం.

పిట్టకు ఏం కనిపిస్తుందో తెలిస్తే ఇది సులువవుతుంది. పావురం కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల చుట్టూ దాదాపు 340 డిగ్రీలు చూడగలదు. వెనక నుంచి పొంచి వెళ్లడమన్నది దాని విషయంలో కుదరని పని. చాలా పక్షులు మనకు కనిపించని అతినీలలోహిత కాంతిని కూడా చూస్తాయి. కదలికను విడదీసి చూడటంలో కూడా చిన్న పిట్టలు మనల్ని మించినవి. సెకనుకు అరవై సార్లు మిణుకుమంటే మనకు నిలకడైన వెలుగులా కనిపించేది, కొన్ని చిన్న పిట్టలకు వంద దాటినా మిణుకులుగానే తెలుస్తుంది. మన చెయ్యి గబుక్కున లేచినప్పుడు అందులో మనకు తెలియని మధ్య దశలన్నీ దానికి తెలుస్తాయి. అందుకే ఆకుపచ్చ బట్టలు వేసుకున్నామా లేదా అన్నదాని కంటే చెయ్యి ఎంత నెమ్మదిగా లేచిందన్నది ముఖ్యం. మచ్చల మచ్చల వేట దుస్తులు వేసుకుని తల గిర్రున తిప్పే మనిషి కంటే, మామూలు చొక్కాతో బండలా కూర్చున్న మనిషిని పిట్ట ఎక్కువ నమ్ముతుంది.

నా కుర్చీ కథ ఇక్కడిదే. పిట్ట భయపడేది వస్తువుకు కాదు, మార్పుకు. పెరట్లో కొత్తగా పెట్టిన కుర్చీ మొదటి రోజు ప్రమాదం. పదో రోజుకు అదొక మొద్దు. దాని పక్కన ట్రైపాడ్ మీద పాత గుడ్డ కప్పి వదిలేస్తే అదీ మొద్దే అవుతుంది. అప్పుడు రోజూ ఒకే వేళకు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాలి, మొదట్లో కెమెరా లేకుండా. మొదటి వారం పిట్టలు గోడ అవతలి నుంచి చూసి వెళ్లిపోయాయి. రెండో వారంలో గోరింకలు దిగాయి. ధైర్యమున్న పిట్ట ఒకటి దిగితే మిగతావి దాన్ని చూసి దిగుతాయి. పిట్ట మెడ చాచి నిటారుగా నిలబడి, ఈకలు ఒంటికి బిగించి చూస్తోందంటే గీత దగ్గరకు వచ్చేశామని అర్థం. అక్కడే ఆగిపోవాలి. అది మళ్లీ తల దించి గింజ ఏరుకుంటేనో, ఈకలు దువ్వుకుంటేనో మనల్ని లెక్కలోంచి తీసేసినట్టు. కదలాలనుకుంటే ఆ క్షణంలో కదలాలి.

ఇంత ఓపిక లేనివాళ్లకు ఇంకో దారి ఉంది, మాటు. బ్రిటన్‌కు చెందిన రిచర్డ్, చెర్రీ కియర్టన్ సోదరులు 1890లలోనే అడవి పక్షులను వాటి చోట్లలోనే ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్నారు. లోపల డొల్లగా ఉన్న ఎద్దు బొమ్మ ఒకటి చేయించుకుని అందులో దూరి తీసేవారు. ఈ రోజుల్లో ఒక మనిషి పట్టే గుడ్డ గుడారం చాలు. అందులోకి వెళ్లేటప్పుడు పాతకాలం నుంచీ వాడే ఉపాయం ఒకటుంది: ఇద్దరు కలిసి లోపలికి వెళ్లాలి, కాసేపటికి ఒకరు బయటికొచ్చి అందరికీ కనిపించేలా నడిచి వెళ్లిపోవాలి. చాలా పిట్టలు లోపల ఇంకొకరు మిగిలారన్న లెక్క వేయలేవు, వచ్చినవాళ్లు పోయారనుకుంటాయి.

అన్నింటికంటే మంచి మాటు ఇంటి కిటికీ. గది చీకటిగా ఉండాలి, మన వెనక ఇంకో కిటికీ తెరిచి ఉండకూడదు. కిటికీ రెక్క తీసి పరదా సందులోంచి తీయగలిగితే అంతకంటే కావాల్సింది లేదు. అద్దంలోంచే తీయాల్సి వస్తే లెన్స్‌ను అద్దానికి దాదాపు ఆనించి, అద్దానికి నిటారుగా గురిపెట్టాలి. ఏటవాలుగా తీస్తే కాంతి అద్దం మందంలో వంగి ఈకల అంచులు మెత్తబడతాయి. రెండు పొరల అద్దమైతే నీడ బొమ్మ కూడా పడుతుంది. ఫోకస్ సరిగ్గా లేదని లెన్స్‌ను తిట్టుకునే ముందు అద్దాన్ని ఒకసారి తుడిచి చూడండి.

వాలే కొమ్మ

గింజలో నీళ్లో పెడితే పిట్టలు వస్తాయి. వాటిని ఆ పళ్లెం మీదే ఫొటో తీయడం అందరూ మొదట చేసే పని. ఫొటోలో పిట్ట కంటే పళ్లెం ఎక్కువ కనిపిస్తుంది. కాస్త గమనిస్తే తెలుస్తుంది, చాలా పిట్టలు నేరుగా తిండి మీద దిగవు. ముందు పక్కనున్న కొమ్మ మీద వాలి, అటూ ఇటూ చూసి, పిల్లి లేదని రూఢి చేసుకుని అప్పుడు దిగుతాయి. ఆ రెండు మూడు క్షణాలే మన ఫొటో. కాబట్టి పళ్లేనికి అర మీటరు దూరంలో, కాస్త ఎత్తులో ఒక ఎండు కొమ్మను పాతండి. చుట్టుపక్కల వాలడానికి వేరే చోట్లు తక్కువగా ఉంటే పిట్ట వాలే చోటు దాదాపు ఖాయమైపోతుంది. ఫోకస్ ముందే అక్కడ పెట్టి కూర్చోవచ్చు. కొమ్మ లావు పిట్ట కాళ్లకు తగినట్టుండాలి. చిన్న తేనెపిట్ట కింద మణికట్టంత మొద్దు ఉంటే బొమ్మ చూడబుద్ధి కాదు.

ఇప్పుడు రెండో దూరం. వెనక ఉన్నది ఎంత మెత్తగా కరగాలో అపెర్చర్ తేలుస్తుందని అందరూ చెబుతారు. సగం నిజమే. 400 ఎంఎం, ఎఫ్/5.6, పిట్ట 5 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. దాని వెనక 1 మీటరు దూరంలో ఉన్న ఒక వెలుగు చుక్క సెన్సర్ మీద సుమారు 1 మిల్లీమీటరు వెడల్పు వృత్తంగా పరుచుకుంటుంది. అదే చుక్క పిట్ట వెనక 5 మీటర్ల దూరంలో ఉంటే ఆ వృత్తం 3 మిల్లీమీటర్లు దాటుతుంది. 10 మీటర్లకు జరిగితే 4. ఒక మిల్లీమీటరు వృత్తాలుగా చెదిరితే ఆకులు ఇంకా ఆకుల్లాగే కనిపిస్తూ కంటిని లాగుతుంటాయి. మూడు నాలుగు అయ్యాక అవి ఒట్టి రంగుగా మారిపోతాయి. అపెర్చర్ ఒక స్టాప్ (కాంతిని రెండింతలు చేసే ఒక మెట్టు) తెరిస్తే ఆ వృత్తం 1.4 రెట్లు పెరుగుతుంది, అంతే. కొమ్మను గోడ దగ్గర్నుంచి నాలుగు మీటర్లు ముందుకు పాతితే మూడు రెట్లు పెరుగుతుంది. ఏ లెన్స్ చేయలేని పని గడ్డపార చేస్తుంది.

పెరడు చిన్నదైతే కొమ్మను గోడకు దూరంగా, మన వైపు వీలైనంత దగ్గరగా జరపండి. రెండు దూరాల మధ్య నిష్పత్తి ముఖ్యం: పిట్ట మనకు దగ్గర, వెనకది పిట్టకు దూరం. కెమెరాను పిట్ట కంటి ఎత్తుకు దించడం కూడా దీనికి కలిసొస్తుంది. పై నుంచి తీస్తే వెనకది నేల, పిట్టకు జానెడు దూరంలోనే. పడుకుని తీస్తే వెనకది పెరటి చివరి కంచె.

కొమ్మ ఎక్కడ పాతాలో నిర్ణయించేటప్పుడు గాలి ఎటు వీస్తుందో కూడా చూసుకోవాలి. పక్షులు గాలికి ఎదురుగా వాలుతాయి, ఎదురుగానే లేస్తాయి. గాలీ ఎండా రెండూ మన వెనక నుంచి వచ్చే వేళ పిట్ట మన వైపు ముఖం పెట్టి, రెక్కలు విప్పి, వెలుగులోకి దిగుతుంది. అలాంటి ఉదయాలు తక్కువ. వచ్చినప్పుడు మిగతా పనులు పక్కన పెట్టాలి.

ఐఎస్ఓ మనం ఎంచుకునేది కాదు

షట్టర్ స్పీడ్, అపెర్చర్, ఐఎస్ఓ మూడింటినీ ఒక త్రిభుజంగా గీసి, మూడు మూలలూ మన చేతిలో ఉన్నట్టు చూపిస్తారు. పిట్టల విషయంలో ఆ బొమ్మ తికమక పెడుతుంది. అపెర్చర్ దాదాపు ఎప్పుడూ లెన్స్ ఇవ్వగలిగిన పెద్దదే, లేదా దానికి ఒక మెట్టు కింద. షట్టర్ స్పీడ్‌ను పిట్ట తేలుస్తుంది. కదలకుండా కూర్చున్నదానికి సెకనులో 500వ వంతు చాలు. గింజలు ఏరుకుంటూ తల ఆడించేదానికి 1000. ఎగిరేదానికి 2000 పైన. మిగిలింది ఐఎస్ఓ. ఆ పూట ఎండను బట్టి అది ఎంతకు వస్తే అంత. దాన్ని ఆటోకు వదిలేయడంలో తప్పేమీ లేదు.

అంకెల్లో చూద్దాం. నిండు ఎండలో ఎఫ్/16 పెడితే ఐఎస్ఓ 100కు సెకనులో 100వ వంతు సరిపోతుందన్నది ఫిలిం కాలం నుంచీ ఉన్న సూత్రం. ఎఫ్/5.6 దానికి ఎనిమిది రెట్ల కాంతినిస్తుంది. కాబట్టి ఐఎస్ఓ 400లో సెకనులో 3200వ వంతు దొరుకుతుంది. ఎగిరే పిట్టకు కూడా అది ధారాళం. దట్టంగా మబ్బు పడితే కాంతి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అదే ఐఎస్ఓలో ఇప్పుడు దొరికేది 400వ వంతు. సెకనులో 1600వ వంతు కావాలంటే ఐఎస్ఓ 1600కు పోక తప్పదు.

అక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు, ఐఎస్ఓ పెంచితే ఫొటో గరుకవుతుందని. గరుకు ఐఎస్ఓ అంకె నుంచి పుట్టదు. కాంతి తక్కువ పడటం వల్ల పుడుతుంది. కాంతి కణాలు వానచినుకుల్లా ఒక వరస లేకుండా పడతాయి. తక్కువ పడినప్పుడు పక్క పక్క పిక్సెళ్ల మధ్య తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కాంతి నాలుగింతలైతే ఆ గరుకు సగమవుతుంది. ఇప్పుడు దూరం మళ్లీ గుర్తుకు తెచ్చుకోండి. పిట్టకు సగం దూరంలోకి వస్తే దాని బొమ్మ నాలుగింతల చోటు నింపుతుంది, అంటే ఆ పిట్టను గీయడానికి నాలుగింతల కాంతి వాడుకున్నట్టు. దూరం నుంచి తీసి కత్తిరించి పెద్దది చేసిన ఫొటో కంటే, అదే ఐఎస్ఓలో దగ్గర్నుంచి తీసినది సగం గరుకుతో వస్తుంది. రాత్రిపూట సాఫ్ట్‌వేర్‌తో గరుకు తీయడానికి కుస్తీ పట్టేవాళ్లు ఆ సమయంలో కొంత కుర్చీలో గడిపితే ఎంత బాగుంటుందో.

తెల్ల కొంగ, నల్ల కాకి కెమెరాను మోసం చేస్తాయి. ఫ్రేమ్ మొత్తాన్నీ సగటున నడిమి బూడిద రంగుకు తేవాలన్నదే కెమెరాలో కాంతిని కొలిచే మీటర్ తెలివి. ముదురు ఆకుల ముందు తెల్ల పిట్ట ఉంటే మీటర్ ఆకులను వెలిగించబోయి పిట్టను సున్నపు ముద్ద చేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించాలి. మబ్బు ఆకాశం ముందు కాకి ఉంటే వ్యవహారం తలకిందులు, ఒకటిన్నర రెండు మెట్లు పెంచితే గానీ ఈకలు కనిపించవు. తెలుపు ఒకసారి కాలిపోతే వెనక్కి తెచ్చుకోలేం. సెన్సర్ పట్టినదాన్ని మార్చకుండా దాచే రా ఫైల్‌లో తీస్తే కొంత ఊపిరి దొరుకుతుంది: 14 బిట్ల రా ఫైల్‌లో ప్రతి పిక్సెల్‌కూ 16,384 మెట్లు ఉంటాయి, జేపెగ్‌లో 256.

ఎండ దిశ గురించి పుస్తకాలన్నీ చెప్పే మాట సరైనదే: పొద్దున, సాయంత్రం, సూర్యుడు మన వెనక. పిట్టల్లో దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈకల్లో కనిపించే నీలం దాదాపు ఎప్పుడూ రంగు పదార్థం కాదు, ఈక లోపలి అతి సన్నని నిర్మాణం కాంతిని చెదరగొట్టడం వల్ల వచ్చేది. రాలిన నీలం ఈకను వెలుగుకు అడ్డం పెట్టి చూస్తే గోధుమ రంగుకు తిరుగుతుంది. తేనెపిట్ట గొంతు, పావురం మెడ మీది మెరుపు ఇంకా చంచలమైనది, కోణం కాస్త మారితే ఊదా రంగు నలుపైపోతుంది. అలాంటి పిట్ట తల తిప్పుతున్నంతసేపూ తీస్తూనే ఉండాలి. పదింటిలో ఒకదాంట్లో నిప్పులా వెలుగుతుంది.

కన్ను, ఆ క్షణం

పిట్ట ఫొటోలో కన్ను స్పష్టంగా ఉంటే తోక చెదిరినా ఫరవాలేదు. కన్ను చెదిరితే మిగతాదంతా స్పష్టంగా ఉన్నా పనికిరాదు. ఒకప్పుడు కంటి మీద ఫోకస్ నిలబెట్టడమే సగం విద్య. 2020లో వచ్చిన కానన్ ఆర్5, 2021లో వచ్చిన సోనీ ఆల్ఫా 1 లాంటి కెమెరాలు పిట్టను, దాని కన్నును తామే వెతికి పట్టుకోవడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఆ సదుపాయం మధ్య తరగతి కెమెరాల్లోకీ దిగింది. ఎంత తెలివైన కెమెరా అయినా ముందు అడ్డంగా ఉన్న రెమ్మను పట్టుకునే సందర్భాలు ఉంటాయి. అందుకే కొమ్మ పాతేటప్పుడే ముందున్న చిల్లర రెమ్మలు తీసేయడం మేలు.

కన్ను స్పష్టంగా పడినా కొన్నిసార్లు పాలు పోసినట్టు తెల్లగా వస్తుంది. అది ఫోకస్ తప్పు కాదు. పక్షులకు మూడో రెప్ప ఉంటుంది, అడ్డంగా జారి కన్ను తుడిచి క్షణంలో వెనక్కి పోతుంది. ఒక్క ఫొటోతో ఆగకుండా వరుసగా నాలుగైదు తీయడానికి ఇదొక్క కారణం చాలు. 1882లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఎటియెన్-జ్యూల్ మారే తుపాకీ ఆకారంలో కెమెరా చేసి, ఎగిరే పక్షులను సెకనుకు 12 బొమ్మల చొప్పున తీశాడు. ఇప్పటి కెమెరాల్లో 20, 30 మామూలు. అయితే ఎలక్ట్రానిక్ షట్టర్ చప్పుడు లేకుండా పిట్టను బెదరనివ్వదు గానీ, సెన్సర్‌ను వరసలు వరసలుగా చదవడం వల్ల వేగంగా కొట్టే రెక్కలు వంకర తిరిగినట్టు పడొచ్చు.

ఎగిరే క్షణం పట్టుకోవాలంటే అది ఎగిరాక నొక్కితే లాభం లేదు. మన కన్ను చూసి వేలు కదిలేసరికి సెకనులో నాలుగో ఐదో వంతు గడిచిపోతుంది, పిట్ట ఫ్రేమ్ దాటిపోతుంది. కొన్ని కెమెరాల్లో బటన్ సగం నొక్కి ఉంచితే గడిచిన సెకను తాలూకు ఫొటోలను కూడా దాచిపెట్టే ఏర్పాటు ఉంది. అది లేకపోయినా పిట్ట చెప్పేస్తుంది: రెట్ట వేస్తుంది, ఒళ్లు కాస్త దించి కాళ్లు ముడుస్తుంది, చూపు ఒక దిక్కుకు నిలుస్తుంది. అప్పుడు నొక్కాలి.

పిలిచాక బాధ్యత

పిట్టలను మనం పిలిచాం. వాటికి ఏమైనా అయితే ఆ భారం మన మీదే. పళ్లెం దగ్గర గుంపుగా చేరడంతో రోగాలు పాకుతాయి. బ్రిటన్‌లో 2005లో పచ్చ ఫించ్ అనే చిన్న పిట్టల్లో బయటపడిన ట్రైకోమొనోసిస్ అనే గొంతు రోగం తర్వాతి ఏళ్లలో ఆ జాతి సంఖ్యను బాగా కూల్చేసింది. అమెరికాలో 1994 నుంచి ఇంటి ఫించ్‌లలో కంటి రోగం ఇలాగే వ్యాపించింది. పళ్లెం, నీళ్ల తొట్టి తరచుగా కడగాలి. ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి కడిగి, వాసన పోయేలా జాడించి, ఎండబెట్టాలి. నీళ్లు రోజూ మార్చాలి. తొట్టి లోతు 5 సెంటీమీటర్లు దాటకూడదు. పిట్ట ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుపోతూ, దగ్గరకు వెళ్లినా కదలకుండా ఉంటే అది మనకు మచ్చికైందని పొంగిపోకండి. అది జబ్బు పడింది. పళ్లెం తీసేసి కొన్ని వారాలు ఆపండి.

కిటికీ అద్దం ఇంకా పెద్ద మృత్యువు. ఒక్క అమెరికాలోనే ఏటా 36 కోట్ల నుంచి దాదాపు 99 కోట్ల పక్షులు భవనాల అద్దాలకు కొట్టుకుని చనిపోతున్నాయని 2014 నాటి అంచనా. తిండి పెట్టే చోటు అద్దానికి ఒక మీటరు లోపల ఉంటే, బెదిరి ఎగిరినా ప్రాణం తీసేంత వేగం అందుకోదు. లేదా బాగా దూరంగా పెట్టాలి. మూడు నాలుగు మీటర్ల నడిమి దూరమే చేటు. అద్దం బయటి వైపు 5 సెంటీమీటర్ల ఎడంతో చుక్కలు అంటించినా ఫలితం ఉంటుంది. ఫొటో తీసే ఒక చదరం మాత్రం ఖాళీగా వదులుకోవచ్చు.

గూటి జోలికి వెళ్లకండి. ఈ ఒక్క విషయంలో నాకు మినహాయింపులు లేవు. అడ్డొచ్చిన ఆకులు నాలుగు తప్పిస్తే ఫొటో బాగా వస్తుంది నిజమే, ఆ దారిలోనే ఎండ దిగుతుంది, కాకి చూస్తుంది. పక్షుల ఫొటోగ్రఫీలో గొప్ప పేరున్న ఎరిక్ హోస్కింగ్ 1937లో గుడ్లగూబ గూటి దగ్గర దాని గోరు తగిలి ఒక కన్ను పోగొట్టుకున్నాడు. పిల్లల కోసం పిట్ట అంత తెగిస్తుంది. తెగించలేని చిన్న పిట్ట గూడు వదిలేసి పోవచ్చు. రికార్డు చేసిన కూతలు వినిపించి రప్పించడం కూడా నాకు నచ్చదు. తన చోటులోకి ఇంకో మగపిట్ట వచ్చిందని అది పొద్దంతా వెతుక్కుంటూ తిరుగుతుంది.

అడగకుండానే అవి చాలా చూపిస్తాయి. ఒకే కొమ్మ మీద ఏడాది పొడవునా తీసిన ఫొటోలను తేదీల వారీగా పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే జాతి అనుకున్నవి వేరు వేరు పిట్టలుగా విడిపోతాయి. ఒకదానికి తోకలో ఈక విరిగి ఉంటుంది, ఇంకోదానికి కాలి వేలు ఒకటి లేదు. చివికిన ఈకలు రాలి కొత్తవి వచ్చే కాలం తెలుస్తుంది. నోటి మూలల్లో పసుపు ఇంకా పోని పిల్లలు ఏ వారంలో మొదటిసారి కొమ్మ మీదకొచ్చాయో తెలుస్తుంది.

ఈ మధ్య ఒక పికిలిపిట్ట తన పిల్లను వెంటేసుకుని వచ్చింది. తల్లి ఎప్పటిలాగే కొమ్మ మీద వాలింది. పిల్లకు తోక ఇంకా సగమే వచ్చింది, వాలడం సరిగ్గా రాదు. కొమ్మ తప్పి, నేరుగా వచ్చి నా కుర్చీ పక్కన ఖాళీగా ఉన్న ట్రైపాడ్ కాలు మీద కూర్చుంది. నాకు మూరెడు దూరం. నా లెన్స్ ఒకటిన్నర మీటరు కంటే దగ్గరున్నదాన్ని పట్టలేదు. కెమెరా ఒళ్లోనే ఉంచుకుని, ఊపిరి నెమ్మదిగా వదులుతూ చూశాను. గొంతు దగ్గర గుండె కొట్టుకోవడం కనిపించింది. తల్లి కొమ్మ మీద నుంచి రెండుసార్లు పిలిచింది. పిల్ల అటు తిరిగి, గాలికి ఎదురుగా లేచి వెళ్లిపోయింది.